మంత్రిగారి ఎడమ చెవి

సెక్రటరీ అమ్మగారికి,

ఇందుమూలంగా మన కంపెనీల అధిపతుల సంఘం సభ్యులందరికీ తెలియజేయడమేమనగా, నేటినుంచి టీలోకి పంచదార విడిగా ఇవ్వబడును.

ఇలా దర్జాగా మొదలుపెడితే అసలు సంగతి రాయడం తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

ఫ్యాక్టరీల కరెంటు కోతల మీద మాట్లాడడానికి నిన్న మంత్రిగారు వచ్చారు కదా. ఆయన రాకముందు మన పెద్దలకు టీ అందిస్తూ, "ఆయనకి ఎడమ చెవి వినపడదండీ, కుడివైపు చేరండి" అన్నాను. అంత పెద్ద బుర్రలు కుర్చీలు ఈడ్చుకుంటూ ఒకరి మీద ఒకరు పడుతుంటే చూసి నవ్వుకుందామని. పడ్డారు. అందరూ తన కుడిచెవి వైపే చేరేసరికి మంత్రిగారి ముఖం మాత్రం పాలిపోయింది. "ఈ సంగతి మీకెవరు చెప్పారు?" అన్నారు. ఆయనకి నిజంగానే ఆ చెవి వినపడదట! ఇంట్లోవాళ్ళకీ, కారు డ్రైవరుకీ తప్ప ఎవరికీ తెలియదట.

తర్వాత మీరు నన్ను గదిలోకి పిలిచి, "నీకెవరు చెప్పారయ్యా?" అని గద్దిస్తే, భయంలో "డ్రైవరండీ" అనేశాను.

ఈ ఉదయం ఆ డ్రైవరు మన వంటగది గుమ్మంలోకి వచ్చాడు. "అన్నా, నీతో నేనెప్పుడైనా మాట్లాడానా? సాయంత్రానికి నన్ను పీకేస్తారట" అన్నాడు. నేను తలెత్తకుండా కడిగిన కప్పులే మళ్ళీ కడిగాను.

అమ్మగారూ, వెంటనే మంత్రిగారి ఆఫీసుకి ఫోన్ చేయండి. నన్ను ఏం చేసినా సరే. డ్రైవరు నాతో ఒక్క ముక్క అనలేదు. ఆ చెవి కథ మొత్తం నేను పుట్టించిందే. ఎడమ అన్నది కూడా, అప్పుడు ట్రే నా ఎడమచేతిలో ఉంది కాబట్టి.

మీ టీ మనిషి