బ్రేకుకు ముల్లుకర్ర సాయం

1959 మాఘం, ఆదివారం

బ్రేకుల్లో గాలి తీద్దామంటే పెడలు తొక్కి పట్టేందుకు మనిషి లేడు. ఊరంతా మిరపకోతల్లో ఉంది. చివరికి పెడలు అదిమి, దానికీ సీటుకూ మధ్య ఎద్దుల్ని తోలే ముల్లుకర్ర బిగించాను. కారు కింద దూరి చక్రం దగ్గర మర వదులు చేస్తే నూనెతోపాటు బుడగలు వచ్చాయి. మర బిగించి, మళ్ళీ పెడలు అదిమి, బుడగలు ఆగేదాకా అదే పని. నాలుగు చక్రాలూ అయ్యేసరికి నడుము విరిగింది గానీ, పెడలు రాయిలా గట్టిపడింది!

కిందటి వారం ఈ కారే ఆగక, కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని తొక్కి ఊరంతటినీ తుమ్మించింది. సాయంత్రం మళ్ళీ అటే తోలాను. చూడగానే కల్లంలో ఉన్న మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను బ్రేకు తొక్కాను. కాయలకి జానెడు ఇవతల ఆగింది.

“ఆగిందిగా, ఇక కొంగు తియ్యి!”

“మీ కారుని నమ్మొచ్చా అండీ?” అంటూ, కొంగు తియ్యకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చుంది.