భూగోళం మాస్టారి చెవులు

అక్కా,

నీ తమ్ముడు బుడంకాయ ఉత్తరం రాశాడేమిటని కంగారు పడకు. ఇంట్లో అందరం క్షేమమే. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డు తగులుతావు, నేను సందు చూసుకుని మాట మార్చేస్తాను. అందుకే కాగితం పట్టుకున్నాను.

మన హైస్కూలుకి రంగులు వేసే పని నాకే వచ్చింది. సెలవులయ్యేలోగా పూర్తి చేయాలి. నిన్న పదో తరగతి గదిలో గోడ గీకుతున్నాను. ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద మన కాలం నాటి పసుపు. ఆ పసుపు బయటపడేసరికి నాకు చెయ్యి ఆడలేదు. "గోడకి కలిపిన లప్పం గట్టిపడిపోతోంది, అలా నిలబడిపోయారేంటి?" అన్నాడు మేస్త్రి. కంట్లో దుమ్ము పడిందన్నాను.

భూగోళం మాస్టారు నీకూ పాఠం చెప్పారు. నీ రోజుల్లోనే ఆయనకి కాస్త చెవుడు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని "ఏమన్నావు నాయనా?" అనేవారు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆ కాస్త వినికిడీ పోయి ఉద్యోగం మానేశారని అందరూ అనుకున్నారు. ఆ రోజు నువ్వు అన్నం ముట్టలేదు. నీ ఎదురుగా కూర్చుని నేను మారు వడ్డించుకుని తిన్నాను.

అక్కా, ఆయన చేత ఆ ఉద్యోగం మాన్పించింది నేను.

అప్పుడు నేను పదో తరగతి లీడర్ని కదా, నా మాటకి ఎదురు లేదు. పథకం నాదే. సోమవారం అందరూ ముప్పాతిక గొంతుతో మాట్లాడాలి. మంగళవారం సగం గొంతు. బుధవారం గుసగుస. గురువారం పెదవులు కదపడమే, శబ్దం రాకూడదు. నలభై మంది చేతా దగ్గరుండి అలవాటు చేయించాను. ఆయన నన్ను ఏనాడూ కొట్టలేదు, తిట్టలేదు. పగ అని కూడా చెప్పుకోలేను. నవ్వొస్తుందని చేశాను, అంతే.

బుధవారానికే ఆయన ముఖంలో రంగు మారింది. మాటిమాటికీ చెవిలో చిటికెన వేలు పెట్టి కదుపుకునేవారు. గురువారం నన్ను లేపి నదుల గురించి ఏదో అడిగారు. పెదవులు కదిపాను. "మరోసారి చెప్పు నాయనా" అన్నారు. మళ్ళీ కదిపాను. ఆయన కాసేపు నా నోటి వంకే చూసి, "బాగా చెప్పావు, కూర్చో" అన్నారు.

శుక్రవారం ఆయన రాలేదు. సోమవారం హెడ్మాస్టరు వచ్చి ఇక రారని చెప్పారు. ఒక్కడు కూడా నోరు విప్పలేదు. నేను విప్పనివ్వలేదు.

ఇప్పటికీ ఎవరైనా "బాగా చేశావు" అంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకని నీ మరదలు చాలాసార్లు అడిగింది. చెప్పలేదు. మొదట నీకే చెబుతున్నాను. తిట్టు.

నీ తమ్ముడు,
బుడంకాయ

*

ఒరేయ్,

తిట్టమని అడిగి మరీ తిట్టించుకుంటే నీకు హాయిగా ఉంటుంది. అందుకే తిట్టను.

నాకు పెళ్ళయ్యాక కూడా ఏటా ఆయనకి ఒక ఉత్తరం రాస్తూనే ఉన్నాను. చెవులు పోతే పోయాయి, కాగితం చదవడానికి కళ్ళుంటే చాలుగా అనుకున్నాను. ఆయనా జవాబు రాస్తారు. ప్రతిసారీ చివర్లో "తమ్ముడు ఎలా ఉన్నాడు?" అని అడుగుతారు. మర్యాదకి అడుగుతున్నారనుకున్నానురా ఇన్నాళ్ళూ.

పోస్టాఫీసు వెనక వీధిలో, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు మీద, మేడ గదుల్లో ఉంటున్నారు. నువ్వు చెప్పుకోవాల్సింది నాకు కాదు. వెళ్ళు. వెళ్ళొచ్చేదాకా నాకు ఫోన్ చెయ్యకు.

అక్క

*

అక్కా,

వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తలుపు తీసింది మాస్టారి భార్య, అమ్మగారు. ఆయన దగ్గర చదువుకున్నానని, ఇప్పుడు ఆ బడికే రంగులు వేస్తున్నానని చెప్పాను. మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. బాగా చిక్కిపోయారు. అమ్మగారు ఆయన చెవి దగ్గరికి వంగి "మీ స్టూడెంటట" అని గట్టిగా అరిచి, పలక మీద కూడా రాసి చూపించారు. ఇద్దరికీ టీ ఇచ్చి, ఆయన ఎదురుగానే నాతో మామూలు గొంతుతో మాట్లాడారు.

"రోజంతా ఈయన ముందు వాగుతూనే ఉంటాను బాబూ. ఎలాగూ వినపడదుగా, అదో ధైర్యం. ఎవరితోనూ అనలేనివన్నీ ఇక్కడే అనేస్తాను. ఈయన్ని తిట్టుకోవడం కూడా ఈయన ముందే. ఒక్కటి మాత్రం అడిగి జవాబు వినాలనుంది, అది పలక మీద రాయడానికి చెయ్యి రాదు. ఉద్యోగం వదిలేసే ముందు నాతో ఒక్క మాటైనా ఎందుకు అనలేదూ అని."

మాస్టారు టీ గ్లాసులోకి చూస్తున్నారు. అమ్మగారు లోపలికి వెళ్ళారు.

నేను పలక అందుకుని రాయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"రాయక్కర్లేదు. చెప్పు, వింటాను."

పలక కింద పెట్టేశాను. ఆయనే మొదలుపెట్టారు. ఆ శుక్రవారమే డాక్టరు దగ్గరికి వెళ్ళారట. వినికిడి నిరుడు ఎంత ఉందో అంతే ఉందన్నాడట. మెట్లు దిగుతుంటే మేం చేసిన పని బోధపడిందట.

"పై వాళ్ళతో చెబితే మీ చదువులు ఆగిపోయేవి. చెప్పకుండా మళ్ళీ ఆ గదిలో నిలబడటం నా వల్ల కాలేదు. చెవులు పోయాయని రాసిచ్చేశాను."

"మరి అమ్మగారికి?"

"పిల్లలు నన్ను ఆటాడించారని ఏ ముఖంతో చెప్పను? తనకీ అదే చెప్పాను. ఒక ఏడాది పోయాక నిజం చెబుదామనుకున్నాను. అప్పటికే తను నా ముందు ఎన్నో అనేసింది. అవన్నీ విన్నానని తెలిస్తే తల ఎక్కడ పెట్టుకుంటుంది? అలా రోజులు గడిచిపోయాయి. నువ్వు కూడా చెప్పకు."

క్షమించమని కాళ్ళ మీద పడ్డాను. "లే. నీ మీద నాలుగేళ్ళు కోపం ఉండేది. తర్వాత ఎప్పుడు పోయిందో నేను చూసుకోలేదు" అన్నారు.

తల ఎత్తేసరికి గుమ్మంలో అమ్మగారు. ఖాళీ గ్లాసులు తీసుకెళ్దామని వచ్చారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు.

"ఎప్పట్నుంచి?" అన్నారు. నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా అన్నారక్కా.

"మొదట్నుంచి" అన్నారు మాస్టారు, ఆమె పెదవుల వంకే చూస్తూ.

ఇక అక్కడ ఉండకూడదనిపించి వచ్చేశాను. చేసిన పాపం కడుక్కుందామని వెళ్ళి, ఆ మిగిలిన కాపురంలోనూ నిప్పులు పోశాననుకున్నాను. మూడు రోజులు పనిలో మనసు లేదు.

ఈ ఉదయం అమ్మగారు బడికి వచ్చారు. ఒక్కరే, ఎండలో నడుచుకుంటూ. నేను నిచ్చెన దిగాను.

"ఆయనతో మాట్లాడటం మానేశాను. ఇరవై ఎనిమిదేళ్ళలో ఏమేం అన్నానో ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుంటున్నా. అయ్యాక ఆయన సంగతి చూస్తాను. ముందు ఆ గది చూపించు."

తీసుకెళ్ళాను. ఆయన ఎక్కడ నిలబడేవారని అడిగారు. చూపించాను. సరిగ్గా అక్కడికే వెళ్ళి నిలబడ్డారు.

"నువ్వెక్కడ కూర్చునేవాడివి?"

బెంచీలు ఒక మూల పేర్చి ఉన్నాయి. ఒకటి లాగి, ముందు వరసలో నా చోట వేశాను.

"కూర్చో."

నలభై మూడేళ్ళ మనిషిని, చేతుల నిండా రంగుతో ఆ చిన్న బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాను. ఆమె నన్ను చూశారు. మా ఇద్దరి మధ్యా ఉన్న నేలని చూశారు. నాలుగు అడుగులు కూడా లేదక్కా.

"ఇంత దగ్గర కూర్చునా" అన్నారు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయారు. నేను చాలాసేపు లేవలేకపోయాను.

నీ తమ్ముడు