జానెడు బోర్డు, ఇటుక ముక్క

5 జూన్ 2006, సోమవారం, ఉదయం 10

ఈశ్వరప్ప నా బోర్డు పరువు తీశాడు!

జానెడు కూడా లేని కంప్యూటర్ మదర్‌బోర్డు. దానికి తగ్గ చిన్న పెట్టెతో సహా బెంగళూరు నుంచి నేనే తెప్పించాను. ఈ షాపు ఓనరు దాన్ని బీరువా అంత పాత క్యాబినెట్‌లో బిగించాడు. ఖాళీ బస్సులో కండక్టరు ఒక్కడే కూర్చున్నట్టుంది.

"పెద్దగా కనపడల్ల రా దేవేంద్రా. ఈ నెల్లో అమ్ముడు పోలేదంటే బోర్డు బెంగళూరికి, నువ్వు ప్రింటర్లకు ఇంకు నింపేదానికి."

విప్పి మళ్లీ చిన్న పెట్టెలో పెట్టాను. తీర్మానం: చిన్నదిగానే అమ్ముతా. మోసం చేయను. ఎవరి మీదా అరవను.

6 జూన్

చార్టు రాసి గోడకు అంటించాను. టేబుల్ మీద జాగా మిగులుతుంది. కరెంటు తక్కువ తింటుంది. కరెంటు పోతే చిన్న యూపీఎస్ మీదే చాలాసేపు నడుస్తుంది. వేడి లేదు, గోల లేదు. ఒళ్లో పెట్టుకుని కుప్పం బస్సెక్కొచ్చు! వారంలో అమ్మేస్తా.

9 జూన్, మధ్యాహ్నం 12

కుప్పం రామప్ప వచ్చాడు. మా మదనపల్లె మండీలో టమాటా వ్యాపారం. కూతురు దీప కాలేజీ చదువుకు కంప్యూటర్ కావాలి. చార్టు వైపు చూడలేదు. పెట్టెను టమాటా బాక్సులాగా రెండు చేతులా ఎత్తి చూశాడు.

"బరువే లేదే అప్పా! లోపల సరుకుండాదా?"

దించేసి పోయాడు. నేను అరవలేదు. స్క్రూడ్రైవర్ కొరికాను.

14 జూన్

పుంగనూరులో జిరాక్స్ షాపు నడిపే రుక్మిణమ్మ. చార్టంతా చదివింది!

"బొట్టు యాడ పెట్టేదప్పా? అంతా బొక్కలే ఉండాయి."

"అవి గాలికమ్మా!"

"గాలికి బొట్టు పెడతామా?"

అరిచాను. అరుపు కాదు అది. పక్కన జనరేటర్ మోగుతోంది. లెక్కలోకి రాదు.

21 జూన్, ఉదయం 11:40

గోడ మీది చార్టు పీకి, దాని మీద ఈశ్వరప్ప బజ్జీలు తింటున్నాడు. రామప్ప ఇంకోసారి చూడ్డానికి వస్తున్నాడట. పెట్టె తెరిచాను. హార్డ్ డిస్కు పక్కన కాస్త ఖాళీ. షాపు వెనక ఇటుక ముక్క. పేపరు చుట్టి ఇరికించాను.

12:30

రామప్ప ఎత్తాడు. మళ్లీ ఎత్తాడు. "ఇప్పుడుండాది సూడు కంప్యూటరు!"

అమ్మేశాను! అబద్ధం చెప్పలేదు. అసలు నోరే తెరవలేదు.

26 జూన్

కుప్పం నుంచి దీప ఫోను. షాపంతా వినపడింది.

"అన్నా, కదిలిస్తే లోపల ఏదో దొర్లుతాండాది. తెరిస్తే ఇటుక! ఇదేం పార్టు?"

రిసీవరు చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"తీసేసినా. భలే నడస్తాండాది. టేబుల్ మీద పుస్తకాలకు జాగా మిగిలింది. నిన్న కరెంటు పోయినా నా పని ఆగలేదు. ఇంత మంచిదానికి ఇటుక యాలన్నా?"

సిగ్గుతో చచ్చాను. ఈశ్వరప్ప చావలేదు. సాయంత్రానికల్లా ఇంకో ఐదు బోర్డులకు ఆర్డరిచ్చాడు. ఒక డజను ఇటుకలు కూడా దింపించాడు.

27 జూన్, ఉదయం 9

తీర్మానం మళ్లీ మొదటినుంచి.

రామప్పకు ఫోను చేసి నిజం చెప్పాను. మా వంశమంతటినీ తిట్టాడు. పెట్టె వెనక్కివ్వమంటే మాత్రం, "నా కూతురు ఇయ్యదంట పో" అన్నాడు.

ఈశ్వరప్పా, ఈ పేజీ చించి నీ టేబుల్ మీద పెడుతున్నా. ఇటుకలు బయటికి పోవాలి. నేను రాసే కొత్త చార్టు గోడ మీదే ఉండాలి. శనివారం సాయంత్రం ఐదింటిలోగా జవాబు కావాలి. లేదంటే ఇంకు నువ్వే నింపుకో.

కాగితం ఎగిరిపోకుండా పైన ఒక ఇటుక పెట్టాను.