ఇద్దరం లెక్కపెట్టిన చుట్లు

మండపేట,
12-11-2025, బుధవారం.

చిరంజీవి సత్యశ్రీకి,

మండపేట నుంచి తాతయ్య దీవించి రాసేది.

ముందుగా నా చేతిరాతకి ఏమీ అనుకోవద్దు. ఈ వేళ్లకి రాగి తీగ అలవాటు గాని పెన్ను అలవాటు లేదు. అయిదో తరగతి తర్వాత నేను రాసిందంతా మోటార్ల నోటుబుక్కులోనే. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ తప్పినా నువ్వే సరిచేసుకుని చదువుకో. మధ్యలో కొట్టేసిన మాటలు చదవడానికి ప్రయత్నించకు. కొన్ని కావాలనే కొట్టేశాను.

ఫోను ఉండగా ఉత్తరం ఏంటి అనుకుంటావు. ఫోన్లో నువ్వు పది మాటలు అడిగితే నేను ఊఁ అంటాను, తిన్నావా అంటాను, అమ్మమ్మకి ఇచ్చేస్తాను. తీగ చుట్టేటప్పుడు మాట్లాడితే లెక్క తప్పుతుందని నీకు తెలుసు. నలభై రెండేళ్లు అలా నోరు మూసుకుని మోటార్లకి వైండింగు చుట్టాను. ఇప్పుడు చేతిలో తీగ లేనప్పుడు కూడా మాట రావడం లేదు. అందుకని కాగితం పట్టుకున్నాను.

ఇక్కడ అందరం కులాసా. సార్వా వరి కోతలు మొదలయ్యాయి. మొన్నటి తుఫానుకి నీళ్లలో మునిగిన మోటార్లు షెడ్డు నిండా ఉన్నాయి. ఒక్కోటీ విప్పి ఎండలో పెడుతున్నాను. వాటిలో అయిదు మోటార్లకి మాత్రం కొత్త తీగ చుట్టక తప్పదు. ఆదివారం మీ అమ్మ రావులపాలెం నుంచి వచ్చి అరటి గెల ఇచ్చి వెళ్లింది. మీ అమ్మమ్మకి కార్తీకం కదా, ఒంటిపూట భోజనం. రెండో పూట ఆకలంతా నా మీద చూపిస్తోంది.

శనివారం నువ్వు అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. స్పీకరు పెట్టింది. డిసెంబరు ఒకటో తారీఖున అక్కడ హైదరాబాదులో ఫోన్ల కంపెనీలో చేరుతున్నానని, రెండేళ్లు కదలనని బాండు మీద సంతకం పెట్టాలని చెప్పావు. పొద్దస్తమానం ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఫోను చేసి లోను కావాలా అండి అని అడగడమే పని అని, ముప్పావువంతు మంది మాట పూర్తికాకుండానే కట్ చేస్తారని చెప్పావు. అమ్మమ్మ ఊరుకోకుండా, అదేంటే, నాలుగేళ్లు కరెంటు ఇంజినీరింగు చదివింది అందుకా అంది. నువ్వు నవ్వావు. పదకొండు చోట్ల పరీక్షలు రాశాను అమ్మమ్మా, ఒక్కళ్లూ పిలవలేదు, రాజమండ్రి ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీది ఒక్కటైనా వస్తుందనుకున్నాను, అక్కడా తప్పాను, ఈ చదువుకి నేను పనికిరానులే అన్నావు. నవ్వుతూనే అన్నావు. ఆ తర్వాత షెడ్డులోకి వెళ్లి కూర్చుంటే నా చేతిలో ఒక్క చుట్టు కూడా సరిగ్గా పడలేదు.

నువ్వు ఆరో తరగతికి మా దగ్గరికి వచ్చిన కొత్తలో ఒక సంగతి. నీకు గుర్తుందో లేదో. రైస్ మిల్లు మోటారు ఒకటి కాలిపోయి వచ్చింది. పాత కాయిలు తీసి నేను లెక్కపెడితే అరవై నాలుగు చుట్లు వచ్చాయి. నువ్వు బుద్ధిగా పక్కన కూర్చుని, నాకు యాభై ఎనిమిదే వచ్చాయి తాతయ్యా అన్నావు. నేను కసురుకున్నాను. నువ్వు పుట్టకముందు నుంచి చుడుతున్నాను, నాకు చెబుతావా అన్నాను. నువ్వు ఏడవలేదు. అయితే మళ్లీ లెక్కపెట్టు అన్నావు. పెట్టాను. యాభై ఎనిమిదే. మధ్యలో మిల్లువాళ్లు వచ్చి పలకరించినప్పుడు నా లెక్క తప్పింది. నా మాట మీదే చుట్టి ఉంటే గాడుల్లో తీగ పట్టేదే కాదు.

ఆ రోజు నుంచి మన షెడ్డులో ఇద్దరం లెక్కపెట్టడం అలవాటైంది. ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకోవాలి. ఒకళ్లది ఒకళ్లు చూడకూడదు. రెండూ కలిస్తేనే పాత తీగ పారెయ్యాలి. నువ్వు కాలేజీకి వెళ్లే రోజుల్లో కూడా బస్సు దిగి, పుస్తకాల సంచితోనే వచ్చి లెక్కపెట్టి వెళ్లేదానివి.

సరే, అసలు సంగతి. సోమవారం తీగ కొనాల్సి వచ్చి రాజమండ్రి వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే మీ అమ్మమ్మ చూసి, తీగ కొనడానికి ఇస్త్రీ చొక్కా ఏంటండీ, కొట్టువాడు పిల్లనిస్తానన్నాడా అంది. కార్తీక సోమవారం, బస్సు నిండా స్నానాలకి వెళ్లేవాళ్లు. నిలబడే వెళ్లాను. దారిలోనే కదా అని నువ్వు పరీక్ష రాసిన ఫ్యాక్టరీ దగ్గర దిగాను.

గేటు దగ్గర వాచ్‌మన్ అచ్చిబాబు అని, కబుర్లమనిషి. ఎవరు కావాలి బాబాయ్ గారూ అన్నాడు. సార్ని చూడాలండి అన్నాను. ఏ సారండి, ఇక్కడ చొక్కా లోపలికి దోపిన ప్రతివాళ్లూ సారే అన్నాడు. పిల్లలకి పరీక్ష పెట్టిన సారండి అన్నాను. అయితే మేనేజరు గోపాలకృష్ణమూర్తి గారు, ఒంటిగంటకి భోజనానికి బయటికొస్తారు, అప్పుడు పట్టుకోండి అన్నాడు. కాసేపు నన్ను చూసి, మీరేమో మాట్లాడేలా లేరు, ఆయనేమో ఆగేలా ఉండరు, ఎలాగండి మరి అన్నాడు. తన స్టూలు నాకిచ్చి తను నిలబడ్డాడు.

మూడు గంటలు కూర్చున్నాను. లోపల ట్రాన్స్‌ఫార్మరు ఏదో టెస్టుకి పెట్టినట్టున్నారు, సన్నగా రొద వస్తోంది. ఇనప సామాన్ల వాసన, కొత్త వార్నిష్ వాసన. మన షెడ్డు వాసనే, కాకపోతే పెద్దది. ఈ వాసనలో నువ్వుంటే బాగుంటుంది అనుకున్నాను.

ఒంటిగంటకి ఆయన వచ్చారు. నేను లేచి నమస్కారం పెట్టాను. అంతే, ఆ తర్వాత నోరు పెగల్లేదు. ఇలా అవుతుందని తెలిసే ఇంటి దగ్గర ఒక చీటీ రాసి జేబులో పెట్టుకున్నాను. అది ఇచ్చాను. ఆయన నడుస్తూనే చదవబోయి ఆగారు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ మొదట్నించీ చదివారు. లోపలికి రండి బాబాయ్ గారూ అన్నారు. అన్నం డబ్బా బల్ల మీద పక్కకి పెట్టేసి, బీరువాలోంచి కాగితాల కట్ట తీసి, అందులో నీది బయటికి లాగారు. వెతుక్కోలేదమ్మా. విడిగా క్లిప్పు పెట్టి ఉంది.

మోటారు కాలిపోయి వచ్చింది, మీద నేమ్‌ప్లేటు లేదు, దాని వైండింగు వివరాలు ఎలా తెలుసుకుంటావు అని ప్రశ్నట. అందరూ సూత్రాలు రాశారట. మీ పిల్ల మాత్రం ముందు మూత విప్పి వాసన చూడాలి అని మొదలుపెట్టిందండి అని ఆయన నవ్వారు. తర్వాత నువ్వు రాసింది నాకు తెలుగులో చెప్పారు. ఒక కాయిలు తెగకుండా తియ్యాలి, ఇద్దరు విడివిడిగా చుట్లు లెక్కపెట్టాలి, తీగ లావు కొలిచే ముందు పైపూత కాల్చెయ్యాలి. అన్నీ ఉన్నాయి. కసురుకున్న తాతయ్య మాత్రం లేడు.

ఇది ఏ పుస్తకంలో ఉందండి అని అడిగారు. మా షెడ్డులో అండి అన్నాను. మీరెంతవరకు చదివారండి అన్నారు. అయిదు అండి అన్నాను. ఆ అయిదూ మా ఇంజినీర్లకి కూడా చెప్పించాలండి అన్నారు. నాకు ఎక్కడ చూడాలో తెలియక ఫ్యాను వైపు చూశాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నువ్వు పరీక్ష రాసిన ఉద్యోగం వేరే అబ్బాయికి ఇచ్చేశారు. కానీ డిసెంబరులో టెస్టింగుకి ఇంకో మనిషి కావాలట. ఈ నెల 24, సోమవారం పొద్దున్న పదింటికి నిన్ను రమ్మన్నారు. మాట ఇవ్వడం లేదండి, చూస్తానంటున్నాను అని రెండుసార్లు చెప్పారు. నీకు లేనిపోని ఆశ పెట్టకూడదని ఆ మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. జీతం నీ ఫోన్ల కంపెనీ కంటే తక్కువే ఉండొచ్చు. కానీ చేతిలో మీటరు ఉంటుంది.

ఒకటో తారీఖు బాండు మీద సంతకం పెట్టే ముందు ఇక్కడికి ఒకసారి వచ్చి వెళ్లమని అడుగుతున్నాను. పెట్టొద్దని అనడం లేదు. ఆ మాట అనే హక్కు నాకు లేదు.

నా కాగితం అంత నచ్చితే ముందే ఎందుకు పిలవలేదు అని అడుగుతావు. నువ్వు అడిగే మనిషివే. దానికి జవాబు, ధైర్యం వస్తే కింద రాస్తాను.

వేళకి తిను. మీ హాస్టల్లో సాంబారు బాగోదన్నావు కదా, అమ్మమ్మ కందిపొడి కొట్టి ఉంచింది. వచ్చినప్పుడు పట్టుకెళ్దువుగాని.

ఇట్లు,
మీ తాతయ్య
బుల్లబ్బాయి

తా.క. ఉత్తరం మడిచి కవర్లో పెట్టేసి మళ్లీ బయటికి తీశాను. నేను తీగ కొనడానికి వెళ్లలేదు సత్యా. తీగ మన ఊరి కొట్లోనే దొరుకుతుంది. నీ పని మీదే వెళ్లాను.

ఆగస్టులో నీ ఫోను కాలవలో పడిపోయినప్పుడు నెల రోజులు నా ఫోనే వాడుకున్నావు. ఆ ఫ్యాక్టరీ ఫారంలో నా నంబరే రాశావు. సెప్టెంబరులో నువ్వు హైదరాబాదు వెళ్లాక మూడు రోజులు వరసగా ఒకావిడ ఫోను చేసింది. సత్యశ్రీ గారి నంబరేనా అండి, వారి పుట్టిన తేదీ ఒకసారి చెబుతారా అంది. పక్కింటి అప్పాయమ్మ పింఛను డబ్బులు ఫోను మోసంలో పోయినప్పుడు నువ్వు నన్ను కూర్చోబెట్టి చెప్పావు కదా. ఎవరైనా పేరు, పుట్టిన తేదీ అడిగితే ఒక్క ముక్క మాట్లాడకుండా కట్ చేసెయ్ తాతయ్యా అని. ఒక్క ముక్క మాట్లాడకపోవడం నాకు చాలా తేలిక. కట్ చేశాను. మూడుసార్లూ. మూడోసారి ఆవిడ, ఒక్క నిమిషం ఆగండి, మేము ఫ్యాక్టరీ నుంచి అంటూనే ఉంది. ఎంత తెలివైన మోసమో అనుకున్నాను. నువ్వు చెప్పింది బాగా గుర్తుపెట్టుకున్నానని సంబరపడ్డాను కూడా.

దసరాకి వచ్చినప్పుడు, నీ ఫోనుకి ఏమైనా వచ్చిందా తాతయ్యా అని అడిగావు. ఏం రాలేదమ్మా అన్నాను. నిజమనుకునే అన్నాను.

తర్వాత అక్టోబరులో ఇంటికి ఇంగ్లీషు కాగితం వచ్చింది. పోస్టాఫీసు చంద్రరావు గారి చేత చదివించాను. మిమ్మల్ని ఎంపిక చేశాం, మీరిచ్చిన నంబరుకి మూడుసార్లు చేసినా మాట్లాడలేదు, అందుకని ఇంకొకరిని తీసుకున్నాం అని ఉంది. పద్దెనిమిది రోజులు దాన్ని మోటార్ల నోటుబుక్కులో దాచాను. నీకు చెప్పలేకపోయాను. శనివారం నువ్వు పనికిరానన్నాక ఇంక దాచలేకపోయాను. ఆ కాగితం ఇందులోనే పెట్టాను, చూసుకో.

చీటీలో రాసింది ఇది. అయ్యా, ఫోను కట్ చేసింది మా పిల్ల కాదు, నేను. దానికి ఇప్పటికీ తెలియదు. తప్పు నాది. దాన్ని ఒక్కసారి పిలిచి చూడండి.

నువ్వు తప్పలేదమ్మా. రాసినవాళ్లలో మొదటి పేరు నీదేనని ఆయన చెప్పారు. ఒక్కడి లెక్క నమ్మకూడదని నాకు నేర్పింది నువ్వు. ఆ ఫోన్ల సంగతి మొదటి రోజే నీకు చెప్పి ఉంటే ఇద్దరం చూసుకునేవాళ్లం.

ఇప్పుడు ఏ నంబరు నుంచి వచ్చినా ఎత్తుతున్నాను. నిన్న ఎవరో అమ్మాయి, లోను కావాలా అండి అంది. నీలాంటి పిల్లే అయ్యుంటుందని, చెప్పేదంతా విని, వద్దు తల్లీ, భోజనం చేశావా అని అడిగాను. ఆ పిల్ల, చేశానండి అంది.

అమ్మమ్మకి ఇంకా తెలియదు. కార్తీకం వెళ్లాక నేనే చెబుతాను, ఒంటిపూట ఆకలి మీద చెప్పే ధైర్యం లేదు. నీకు కోపం వస్తే తిట్టు, పడతాను. కానీ 24కి వచ్చి తిట్టు. వస్తావో రావో రెండు ముక్కలు తొందరగా రాయి. ఫోను చేసినా సరే. ఊఁ అని ఊరుకోను.