వాగు ఒడ్డున నిలబడ్డ ముసలమ్మ

అన్నకు, వదినకు తమ్ముడు రాజం దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, అక్కడ మీరు ముగ్గురూ బాగుంటే అంతే చాలు. బిడ్డా లక్ష్మీ, ఈ ఉత్తరం మీ బాపుకు నిమ్మళంగా చదివి వినిపించు. మధ్యలో లేచిపోతే కండువా పట్టి కూర్చోబెట్టు.

బొంబాయిలో వాన మొదలైంది. మొదలైందంటే ఇక ఆగదు. బట్టలు ఆరవు, మట్టి బొమ్మలు ఆరవు. నేను పనిచేసే మేడం దగ్గరికి మట్టి సంచుల్లో వస్తుంది, బూడిద రంగుది. దానికి వాసనే లేదు. మన చెరువు మన్ను తొక్కుతుంటే వచ్చే వాసన యాదికొచ్చి నా చేతులు ఆగిపోతాయి. తిండికి ఢోకా లేదు. పావు అనే రొట్టెలో వడ పెట్టి ఇస్తారు, కడుపు నిండుతుంది గానీ వదిన చేసే పచ్చిపులుసు మీదికే పానం గుంజుతుంది. నా గురించి రంది పెట్టుకోకండి, బాగానే ఉన్నాను.

మేడం కుండలు అమ్మదు. మట్టితో బొమ్మలు చేసి, కాల్చి, పెద్ద హాలులో పెట్టి అందరికీ చూపిస్తుంది. మొన్న నన్ను కూడా ఒకటి చెయ్యమంది. ఏం చెయ్యాలంటే, నీకు తెలిసిన కథ చెయ్యమంది. నాకు నవ్వొచ్చింది. కథలు నీవి గదా అన్నా! సారె తిప్పుతూ కథ ఎత్తుకునేవాడివి, దారంతో కుండను కోసి దించేలోపు అది అయిపోవాలి. చిన్న గురిగికి చిన్న కథ, పెద్ద కాగుకు పెద్ద కథ. కోరుట్ల అంగడిలో ఆడవాళ్లు కుండను కొట్టి చూసి, "గీ కుండ కథేందో చెప్పు, గప్పుడే కొంట" అనేవాళ్లు. నువ్వేమో బెట్టు చేసేవాడివి, వాళ్లు బతిమాలేవాళ్లు. ఆ రోజులే వేరు.

నేను నిప్పుల కుండ ముసలమ్మ కథను ఎత్తుకున్నాను. ఊళ్లో పొయ్యిలన్నీ చల్లారిపోతే, పక్క ఊరి నుంచి కుండలో నిప్పులు తెస్తున్న ముసలమ్మకు వాగు అడ్డం వస్తుంది. ఒడ్డున నిలబడి ఒక కాలు ఎత్తుతుంది. ఆ రోజు నువ్వు అంతవరకే చెప్పి, "ఆగు తమ్మీ, ఎవలో అచ్చిండ్రు" అన్నావు. జీపు దిగినవాళ్లు, అడవిలో ఉన్నవాళ్లకు కాగులు ఎందుకు అమ్మావని నిన్ను తీసుకుపోయారు. సారె మీది కుండ కోయకుండానే ఎండిపోయింది. నువ్వు తిరిగొచ్చావు గానీ మళ్లీ సారె ముట్టలేదు, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇక నన్ను పట్టుకుపోతారేమోనని వదిన నన్ను కోరుట్లలో బొంబాయి బస్సు ఎక్కించింది. ఆ సంగతి ఇంతకంటే రాయను.

ఎన్నిసార్లు చేసినా ముసలమ్మ ఎత్తిన కాలు దగ్గరే పగులుతోంది. ఆ అడుగు నీళ్లలో వెయ్యాలో, వెనక్కి తియ్యాలో నాకు తెలియదు. మేడం చూసి, తర్వాత ఏమైందని అడిగింది. మా అన్నకే తెలుసు అన్నాను. అన్నానో లేదో ఏడుపొచ్చేసింది. నీ గొంతు వినాలని ఉంది అన్నా. ఏదో ఒకటి కల్పించి ముగించొచ్చు, కానీ నేను ముగించను. అది నీ కథ.

భీవండిలో మగ్గాల మీద పనిచేసే సిరిసిల్ల శంకరయ్య చెల్లె పెండ్లికని వచ్చే వారం ఊరికి పోతున్నాడు. తిరిగి వచ్చేముందు మన ఇంటికి వచ్చిపోతానన్నాడు. వదినా, అతనితో ఇంత చింతపండు పంపు. అన్నా, నీకు మాట్లాడబుద్ధి కాకుంటే మాట్లాడకు. మన చెరువు మన్ను ఒక ముద్ద తీసుకొని వాగు ఒడ్డు, దాని మీద ముసలమ్మ రెండు పాదాలు మాత్రం చేసి పంపు. అవి ఎటు తిరిగి ఉంటే ఆమె అటు పోయిందనుకుంటాను. నీ పని చూసి చాలా రోజులైంది, వంకర టింకరగా ఉంటే మాత్రం ఎక్కిరిస్తాను.

పెద్దమ్మకు నా దండాలు చెప్పండి. లక్ష్మికి ముద్దులు. మీ దీవెన నా మీద ఉండాలి. శంకరయ్య ఆ పాదాలు తెచ్చేదాకా ముసలమ్మ మీద తడిగుడ్డ కప్పి, ఎండిపోకుండా పొద్దున మాపున నీళ్లు చల్లుతూ ఉంటాను.

నీ తమ్ముడు
రాజం