నర్మద పేరుతో రాసిన మెయిళ్ళు

నస్పూర్‌లో ఉన్న రిబ్కమ్మ టీచర్ గారికి నమస్కారం.

మొన్న మీరు కరీంనగర్‌లో మా చీరల దుకాణానికి వచ్చి నర్మద కోసం అడిగితే, "ఇయాల రాలేదమ్మా" అన్నది నేనే. అది అబద్ధం. నర్మద అనే మనిషి మా దగ్గర లేదు. ఆడమనిషి పలకరించినట్టు రాస్తే జనం మెయిల్ తెరుస్తారని ఆ పేరు నేనే పెట్టాను. "రిబ్కమ్మా, ఎట్లున్నవ్? గీ చీర చూస్తే నువ్వే యాదికొచ్చినవ్" అని రాసిందీ నేనే. అదే మాట ఒకేసారి నాలుగు వేల మందికి వెళ్ళింది. ఎవరి పేరు వాళ్ళకు కంప్యూటరే పెడుతుంది.

జవాబులు వస్తాయని కూడా నేనెప్పుడూ అనుకోలేదు. మీరు వెళ్ళాక తెరిచి చూస్తే మీవే పదకొండు ఉన్నాయి. చివరిదాంట్లో, "మా ఆయన ఫిలిప్ పోయినంక అందరికీ టీచరమ్మనే అయిన. పేరు పెట్టి పిలిచేది నువ్వొక్కదానివే బిడ్డా. జర నిన్ను చూడాలనుంది, వస్తున్న" అని రాశారు.

నర్మదకని మీరిచ్చిన సీతాఫలాలు పండిపోయాయి. ఎవరం ముట్టలేదు.

మీ పేరు మెయిళ్ళ జాబితాలోంచి తీసేద్దామని రెండుసార్లు కూర్చున్నాను. తీసేస్తే మిమ్మల్ని రిబ్కమ్మా అని ఇంకెవరు పిలుస్తారు?

ఇట్లు,
మీకు అబద్ధం చెప్పినవాడు