లాభం, రెండు, మూడు

రాయగడ, 2004 జూలై, బుధవారం

నేను ఏం చేసినా కొట్టు కోసమే చేస్తున్నానని మా ఇంట్లో అనుకుంటారు. భువనేశ్వర్‌లో జరిగే డిజిటల్ ఆర్ట్ శిబిరానికి ఎంపిక కోసం పంపాలని మూడు నెలలు కూర్చుని నాలుగు నిమిషాల వీడియో చేశాను. నాన్న దాన్ని కేబుల్ టీవీలో వేసే కొట్టు యాడ్ అనుకున్నాడు.

అందులో నాన్న కొట్లో కుంచంతో చోళ్లు, అంటే రాగులు, కొలుస్తుంటాడు. బేరం కలిసొస్తుందని ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అంటాడు. నారాయణపట్న కొండల నుంచి ఆ చోళ్లు తెచ్చిన ఆడవాళ్లు పక్కన నిలబడి తమ భాషలో ఒకటి నుంచే లెక్కపెడుతుంటారు. రెండు దగ్గర్నుంచి అందరి లెక్కా ఒకటే. మొదటి కుంచం దగ్గరే కలవదు. నా వీడియో అంతా ఆ ఒక్క చోటు గురించే.

"బాగుందమ్మీ. మరి కొట్టు పేరేది? ఫోను నంబరేది?" అన్నాడు నాన్న.

"ఇది యాడ్ కాదు నాన్నా."

"మరేటి? ఆళ్ల మొకాలు సూసి బేరాలొస్తాయేటి? అవి తీసీ. లాభం మాత్రం మూడుసార్లు ఇనిపించు."

"ఇన్నాళ్లకి మీ నాన్న టీవీలోకొస్తన్నాడు, పాడుసెయ్యకే," అని అమ్మ నవ్వింది.

నాన్న కేబుల్ అతనికి మాట కూడా ఇచ్చేశాడట. ఆ సంతోషం చూస్తే ఎలా కాదనడమో తెలియలేదు. కానీ ఆ గొంతులు తీసేస్తే ఇంకేం మిగులుతుంది...

శనివారంలోగా సీడీ భువనేశ్వర్ చేరాలి. రేపు పోస్టాఫీసు తెరవగానే పంపుతాను. ఆ ఆడవాళ్లు అందులో ఉంటారు, కొట్టు పేరు ఉండదు. పిలుపొస్తే వెళ్తాను.